పేదోళ్ళ పేటలో రెండు కోట్ల బొమ్మ

ఓ చిన్న ప్రశ్న. మీరు ఒక మునిసిపాలిటీకి మేయరు అనుకోండి. మీది పేదోళ్ళు ఎక్కువగా ఉండే ఏరియా. ఇంటి కోసం దరఖాస్తు పెట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు వేలల్లో ఉన్నారు. పైనుంచి వచ్చే నిధులకి ఏటా కోత పడుతోంది. ఇలాంటప్పుడు మీ మునిసిపాలిటీది అనుకునే కంచు బొమ్మ ఒకటి, ఎక్కడో వేరే జిల్లాలో ఓ పార్కులో ఉంది. పదిహేనేళ్ళుగా మీ పేటలో అది లేదు. అమ్మితే 2 కోట్ల పౌండ్ల దాకా రావచ్చంటున్నారు. అమ్ముతారా, ఉంచుకుంటారా?

మా టీంలో లంచ్ టైంలో ఇదే ప్రశ్న వేశాను. ఆరుగురిలో ఐదుగురు "దీనికి ఆలోచన కూడానా, అమ్మి పారెయ్యటమే" అన్నారు. ఆరో ఆయన "టాక్స్ ఎంత పోతుంది?" అన్నాడు :)

ఇది నేను కూర్చుని కల్పించిన లెక్క కాదు. 2012లో తూర్పు లండన్‌లోని టవర్ హామ్లెట్స్ కౌన్సిల్ ముందుకి సరిగ్గా ఇదే ప్రశ్న వచ్చింది. బొమ్మ చేసింది హెన్రీ మూర్. దాని అసలు పేరు "డ్రేప్డ్ సీటెడ్ ఉమన్", అంటే బట్ట కప్పుకుని కూర్చున్న ఆడమనిషి. ఆ పేట జనం మాత్రం "ఓల్డ్ ఫ్లో" అని పిలుచుకున్నారు. మన లెక్కలో ఫ్లో మామ్మ అన్నమాట. ఈ టపాలో నేనూ అలాగే పిలుస్తా.

ముందే చెప్పేస్తున్నా, నా ఓటు "అమ్మకూడదు" అన్నదానికే. "కళ అమూల్యం", "సంస్కృతికి వెల కట్టలేం" లాంటి పెద్ద మాటలు మాత్రం వాడను. ఆ మాటలతో ఎవరి కడుపూ నిండదని నాకూ తెలుసు. మనం ఇంజనీర్లం కాబట్టి లెక్కలేసుకునే మాట్లాడుకుందాం. కానీ లెక్క వెయ్యాలంటే ముందు ఆ బొమ్మ ఏంటో, అక్కడికి ఎందుకొచ్చిందో తెలియాలి.

2018లో కొన్ని నెలలు ఆన్‌సైట్ మీద లండన్ కానరీ వార్ఫ్‌లో ఉన్నాను. అప్పుడు మామ్మని దాదాపు రోజూ చూసేవాణ్ణి (మామ్మ అక్కడికెలా వచ్చిందో తరవాత చెప్తా). మామూలు మనిషి కంటే బాగా పెద్ద సైజు. చేతులు, తొడలు బండల్లా ఉంటాయి. తల మాత్రం చిన్నది. మొహంలో కళ్ళూ ముక్కూ ఉన్నాయంటే ఉన్నాయి, లేవంటే లేవు. కానీ ఒంటికి అతుక్కున్న గుడ్డ మడతలు మాత్రం చీర కుచ్చిళ్ళంత శ్రద్ధగా చేశాడు. వానలో తడిసిన ఓ పల్లెటూరి ఆడమనిషి కాలవగట్టు మీద కాసేపు నడుం వాల్చి కూర్చున్నట్టుంటుంది. నాతో పనిచేసే నెల్లూరు కుర్రాడు మొదటిసారి చూసి "ఏందన్నా ఇది, సగం చేసి వదిలేసినాడే!" అన్నాడు.

సగం చేసి వదిలెయ్యటం కాదు, కావాలనే తీసేశాడు. మూర్ బొమ్మల్లో మొహం కంటే కూర్చున్న తీరూ, ఒంటి బరువూ ముఖ్యం. పేరూ, ఊరూ, వయసూ చెప్పే గుర్తులు ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోతే "ఫలానా ఆవిడ" పోయి "ఒక ఆడమనిషి" మిగులుతుంది. మనం కోడ్‌లో హార్డ్‌కోడింగ్ తీసేసి ఎవరికైనా పనికొచ్చేలా జెనెరిక్ చేస్తాం చూడండి, దాదాపు అలాంటిదే. ఈ పాయింటు గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఆ గుడ్డ మడతల వెనక ఒక కథ ఉంది. 1940లో జర్మన్ విమానాలు రాత్రిళ్ళు లండన్ మీద బాంబులు కురిపిస్తుంటే జనం దుప్పట్లు చంకన పెట్టుకుని భూగర్భ రైలు స్టేషన్లలోకి దిగి, ప్లాట్‌ఫారాల మీదే పడుకునేవాళ్ళు. మూర్ ఒక రాత్రి ఆ దృశ్యం చూశాడు. తరవాత మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. అలా పడుకుని ఉన్నవాళ్ళ ఎదురుగా కూర్చుని బొమ్మ గియ్యటం మర్యాద కాదని, చిన్న చిన్న గుర్తులు రాసుకుని, ఇంటికొచ్చి గీసేవాడు. ప్రభుత్వం కూడా ఆయన్ని అధికారిక యుద్ధ చిత్రకారుడిగా పెట్టుకుంది. ఆ బొమ్మల్లో కొన్ని టిల్బరీ షెల్టర్ అనేచోట చూసినవి. అది కమర్షియల్ రోడ్ పక్కన, స్టెప్నీలో, ఓ పెద్ద సరుకుల గోడౌను. వేలమంది అందులో తలదాచుకున్నారు. స్టెప్నీ అంటే ఇప్పటి టవర్ హామ్లెట్స్‌లో ఒక భాగం. రేవులకి దగ్గర కాబట్టి బాంబుల దెబ్బ గట్టిగా తిన్న ప్రాంతం.

యుద్ధం అయ్యాక, 1951లో గ్రీసు వెళ్ళి అక్కడి పాత శిల్పాలు చూసొచ్చాక, మూర్ మళ్ళీ ఆ గుడ్డ మడతల మీద పడ్డాడు. 1957-58లో ఫ్లో మామ్మ పుట్టింది. దుప్పటి కప్పుకుని తెల్లారే దాకా కూర్చున్న ఆ ఆడవాళ్ళ పోలికలు ఈవిడలో నాకైతే స్పష్టంగా కనిపిస్తాయి. అన్నట్టు మూర్ కూడా కలవారి బిడ్డేం కాదు. 1898లో యార్క్‌షైర్‌లో, కాసిల్‌ఫర్డ్ అనే ఊళ్ళో, బొగ్గుగని కార్మికుడి ఇంట్లో పుట్టాడు.

ఇప్పుడు అసలు ముఖ్యమైన మాట. యుద్ధం తరవాత లండన్ పరిస్థితి ఊహించుకోండి. కూలిన ఇళ్ళు, ఇళ్ళు లేని జనం, ఖాళీ ఖజానా. అలాంటి రోజుల్లో లండన్ కౌంటీ కౌన్సిల్ ఒకవైపు వేల ఇళ్ళు కడుతూనే, 1956లో ఇంకో స్కీము మొదలుపెట్టింది. కొత్తగా కట్టే ప్రభుత్వ ఇళ్ళ సముదాయాల్లో, స్కూళ్ళలో మంచి కళాకారుల శిల్పాలు, చిత్రాలు పెట్టాలని ప్రతి ఏడూ కొంత డబ్బు విడిగా తీసిపెట్టింది. ఈ స్కీము కిందే 1962లో ఫ్లో మామ్మని కొన్నారు. అప్పటికే మూర్ ప్రపంచమంతా పేరున్న శిల్పి. అయినా పేదవాళ్ళ పేటలో పెడతారని తెలిసి మార్కెట్ రేటు కంటే తక్కువకే ఇచ్చాడు. స్టెప్నీలో కొత్తగా కట్టిన స్టిఫర్డ్ ఎస్టేట్‌లో, ఎత్తైన బ్లాకుల మధ్య పచ్చికలో మామ్మని కూర్చోబెట్టారు.

పిల్లలు ఎక్కి ఆడుకున్నారు. ఒళ్ళో కూర్చున్నారు. కొంతమంది వెధవలు పిచ్చిరాతలూ రాశారు. ఎవరో ఓల్డ్ ఫ్లో అని పేరు పెట్టారు, అది అలా ఉండిపోయింది. దాదాపు ముప్ఫై అయిదేళ్ళు ఆ పేటలో అలా గడిచాయి.

కంచు బొమ్మల్లో ఒక గమ్మత్తుంది. శిల్పి ప్లాస్టర్‌తో ఒక రూపం చేస్తాడు. దాన్నుంచి అచ్చు తీసి, రాగీ తగరం కలిపి కరిగించిన కంచు పోస్తారు. ఒక్క రూపం నుంచి లెక్కపెట్టి కొన్ని పోతలు పోస్తారు, అన్నీ ఒరిజినల్సే. ఫ్లో మామ్మకీ తోడబుట్టినవాళ్ళున్నారు. ఒకావిడ ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లోని నేషనల్ గాలరీ ఆఫ్ విక్టోరియాలో ఉంది. మన భాషలో ఒకే బిల్డు, వేరే వేరే డిప్లాయ్‌మెంట్లు :) మెల్‌బోర్న్‌లో ఆవిడ మ్యూజియం వస్తువు. స్టెప్నీలో పక్కింటి మామ్మ. కంచులో తేడా లేదు, పెట్టిన చోటులోనే ఉంది తేడా అంతా.

1990లు వచ్చేసరికి ఆ బ్లాకులు పాడుబడ్డాయి. కూల్చెయ్యాలని నిర్ణయించారు. 1997లో మామ్మని భద్రంగా యార్క్‌షైర్ స్కల్ప్చర్ పార్కుకి పంపించారు. తాత్కాలికంగా అన్నారు. మన ప్రాజెక్టుల్లో "టెంపరరీ ఫిక్స్" అని పెట్టింది ఎన్నేళ్ళుంటుందో మనకి తెలియంది కాదు. మామ్మ విషయంలో అది ఇరవై ఏళ్ళయింది.

2012లో అప్పటి మేయరు లుత్ఫుర్ రహ్మాన్, ఆయన కౌన్సిలూ అమ్మేద్దామనుకున్నారు. వాళ్ళ వాదన తేలిగ్గా తీసెయ్యాల్సింది కాదు, అందుకే సూటిగా చెప్తా. ఒకటి, ప్రభుత్వ కోతల వల్ల సుమారు 10 కోట్ల పౌండ్లు తగ్గించుకోవాల్సి వస్తోంది. రెండు, బొమ్మని వెనక్కి తెచ్చి పేటలో పెడితే ఇన్సూరెన్సూ, కాపలా ఎవరు భరిస్తారు? అదే ఏడాది ఫిబ్రవరిలో మూర్ చేసిన మరో కంచు బొమ్మ వేలంలో 1.9 కోట్ల పౌండ్లు పలికింది. అంత ఖరీదైన దాన్ని పచ్చికలో వదిలేసి నిద్రపోగలమా?

దొంగల భయం ఉత్తుత్తిది కాదు. 2005 డిసెంబరులో మూర్ సొంత ఎస్టేటు, హర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని పెర్రీ గ్రీన్ నుంచే, రెండు టన్నులు దాటిన ఓ కంచు బొమ్మని దొంగలు క్రేనున్న లారీ తెచ్చి ఎత్తుకుపోయారు. దాని విలువ 30 లక్షల పౌండ్ల దాకా ఉంటుందన్నారు. తుక్కు కింద కరిగించేసి ఉంటారని, వాళ్ళకి మహా అయితే 1,500 పౌండ్లు వచ్చుంటాయని పోలీసులు తేల్చారు. 2011 డిసెంబరులో దక్షిణ లండన్‌లోని డల్విచ్ పార్కు నుంచి బార్బరా హెప్వర్త్ చేసిన బొమ్మ కూడా ఇలాగే మాయమైంది. కాబట్టి కౌన్సిల్‌వాళ్ళు గాల్లో మాట్లాడలేదు.

అమ్మకానికి వ్యతిరేకంగా పెద్ద పెద్దవాళ్ళు బహిరంగ లేఖ రాశారు. మూర్ కూతురు మేరీ మూర్, అప్పటి టేట్ గాలరీల డైరెక్టర్ నికొలస్ సెరోటా, మనందరికీ తెలిసిన స్లమ్‌డాగ్ మిలియనీర్ డైరెక్టరు డానీ బాయిల్. సహజంగానే జనంలో కొందరికి ఒళ్ళు మండింది. పెద్ద ఇళ్ళల్లో ఉండేవాళ్ళు, ఇల్లు లేనివాడికి కళ గురించి క్లాసు పీకటమేంటి అని. ఆ కోపం నాకు అర్థమవుతుంది. మా లంచ్ టేబుల్ దగ్గర ఐదుగురు అన్నదీ అదే.

సరే, ఇప్పుడు లెక్క.

మొదటి మాట. 2 కోట్ల పౌండ్లు ఒక్కసారి వచ్చే డబ్బు. కోతలు ఏటా పడేవి. జీతాలు చాలట్లేదని ఇంట్లో బంగారం అమ్మితే ఆ నెల గడుస్తుంది, వచ్చే నెల జీతం పెరగదు. పోనీ 10 కోట్లలో 2 కోట్లంటే ఐదో వంతే. మిగతా నాలుగు వంతుల కోతలు ఎలాగూ పడతాయి, బొమ్మ మాత్రం మళ్ళీ రాదు. అక్కడ ఇది కొత్త కథ కూడా కాదు. 2006లో బరీ అనే ఊరి కౌన్సిల్ బడ్జెట్ లోటు పూడ్చటానికి లౌరీ వేసిన ఒక పెయింటింగుని 12.5 లక్షల పౌండ్లకి అమ్మింది. పెయింటింగు పోయింది, దాంతోపాటు ఆ ఊరి మ్యూజియంకి ఉన్న జాతీయ గుర్తింపూ పోయింది. 2014లో నార్తాంప్టన్ కౌన్సిల్ తన మ్యూజియంలో ఉన్న ప్రాచీన ఈజిప్టు శిల్పాన్ని 1.57 కోట్ల పౌండ్లకి వేలం వేసింది. అక్కడా గుర్తింపు పోయింది. అంటే ఒక వస్తువు అమ్మితే, దానితో కట్టిపెట్టి ఉన్న నమ్మకం కూడా ఫ్రీగా పోతుంది.

దీనికి మీరు అడ్డం తిరగొచ్చు. "లోటు పూడ్చొద్దు, ఆ డబ్బుతో ఇళ్ళే కట్టమను, అప్పుడేమంటావ్?" మంచి ప్రశ్న. ఒక్కో ఫ్లాటుకి 2 లక్షల పౌండ్లు అని వేసుకుంటే వంద ఫ్లాట్లు. వంద కుటుంబాలంటే తక్కువేం కాదు. నిజంగా ఆ వంద కుటుంబాలనీ, బొమ్మనీ తక్కెట్లో పెట్టి ఒకటే తీసుకోమంటే నేను కూడా తడబడతాను.

కానీ ఆ తక్కెడ ఎవడు పెట్టాడు? రెండో మాట ఇదే. 1962లో లండన్‌కి ఇళ్ళ కొరత లేకనా బొమ్మ కొన్నారు? యుద్ధంలో చితికిపోయిన ఊరు అది. వాళ్ళు ఇళ్ళూ కట్టారు, బొమ్మా పెట్టారు. రెండూ చెయ్యొచ్చని చేసి చూపించారు. యాభై ఏళ్ళ తరవాత, దేశం అప్పటికంటే ఎన్నో రెట్లు డబ్బు చేశాక, "ఇల్లు కావాలా బొమ్మ కావాలా తేల్చుకో" అని పేదవాణ్ణి అడగటం మొదలుపెట్టారు. గమనించండి, ఈ ప్రశ్న ఎప్పుడూ పేద పేటల్నే అడుగుతారు. లండన్ నడిబొడ్డున, పార్లమెంటు భవనం ఎదురుగా కూడా మూర్ కంచు బొమ్మ ఒకటుంది. "దాన్ని అమ్మి ఓ ఆస్పత్రి కట్టండి" అన్న ఉద్యమం ఏదీ నేను వినలేదు.

మనవాళ్ళలోనూ ఇదే ఆలోచన ఉంది, కాకపోతే పైకి చెప్పం. పేదవాడికి బియ్యం ఇవ్వాలి, పెంకుటిల్లు ఇవ్వాలి, మందులివ్వాలి. ఇంతవరకూ ఒప్పుకుంటాం. "అందం" మాత్రం డబ్బున్నవాడు కొనుక్కునేది. పేదవాడి ఇంటిముందు రెండు కోట్ల వస్తువుంటే మనకి లోపల ఎక్కడో "వీళ్ళకెందుకిది" అనిపిస్తుంది. ఆ కౌన్సిలు 1956లో చేసిన పనిలో గొప్పతనమల్లా ఈ "వీళ్ళకెందుకు"ని కొట్టిపారెయ్యటమే. మంచి బొమ్మ చూడటానికి సూటేసుకుని మ్యూజియంకి పోనక్కర్లేదు, పాలపాకెట్టు తెచ్చుకుంటూ చూడొచ్చు అని వాళ్ళు నమ్మారు.

మూడో మాట. అసలు మామ్మ ఎవరిది? ఇది భలే తమాషాగా తేలింది. మామ్మని కొన్న లండన్ కౌంటీ కౌన్సిల్ 1965లో పోయింది, దాని చోట గ్రేటర్ లండన్ కౌన్సిల్ వచ్చింది. 1986లో అదీ రద్దయింది. మిగిలిన ఆస్తులు చేతులు మారి మారి చివరికి బ్రోమ్లీ అనే వేరే కౌన్సిల్ దగ్గరికి చేరాయి. "అయితే బొమ్మ మాది, మేం అమ్మనివ్వం" అని బ్రోమ్లీ అనటంతో గొడవ కోర్టుకెక్కింది. కంపెనీ రెండుసార్లు మెర్జరయ్యాక "ఈ సర్వర్ ఓనరెవరు?" అని మెయిల్ పెడితే వచ్చే సమాధానాలు మీకు తెలుసుగా, అచ్చం అదే :) 2015 జులైలో హైకోర్టు తీర్పొచ్చింది. ఎస్టేటు టవర్ హామ్లెట్స్‌కి బదిలీ అయినప్పుడు కాగితాల్లో బొమ్మ బదిలీ కాలేదు. కానీ ఏళ్ళ తరబడి దాన్ని సొంత వస్తువులా చూసుకుంది టవర్ హామ్లెట్సే, అభ్యంతరం చెప్పటానికి చట్టం ఇచ్చే ఆరేళ్ళ గడువు ఎప్పుడో దాటిపోయింది. కాబట్టి మామ్మ టవర్ హామ్లెట్స్‌దే.

చట్టం ప్రకారం తేలింది బాగానే ఉంది. నాకు నచ్చిన సంగతి ఇంకోటి. ఇన్ని ప్రభుత్వాలు మారినా కాగితం మీద మామ్మ పేరు రాసుకోవటం ఎవరికీ గుర్తులేదు. గుర్తుపెట్టుకున్నది ఆ పేట జనమే. వాళ్ళు ఫైలు రాయలేదు, పేరు పెట్టారు. పబ్లిక్ వస్తువుకి నేటి మేయరు ఓనరు కాదు, కేర్‌టేకరు. నా పేరు మీద యాక్సెస్ ఉంది కదా అని ప్రొడక్షన్ డేటాబేస్ నేను అమ్ముకోలేను కదా. ఇదీ అంతే.

నాలుగో మాటకి, ఇందాక గుర్తుపెట్టుకోమన్న జెనెరిక్ పాయింటు దగ్గరికి వద్దాం. 1962లో ఉన్న స్టెప్నీ ఇప్పుడు లేదు. టవర్ హామ్లెట్స్‌లో ఇప్పుడు బంగ్లాదేశ్ మూలాలున్నవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉంటారు. "వాళ్ళకి ఈ ఇంగ్లీషు బొమ్మతో ఏం సంబంధం?" అన్నవాళ్ళున్నారు. నేను తిరగేసి అడుగుతా. మామ్మ మొహం చూసి ఆవిడది ఏ దేశమో, ఏ మతమో చెప్పగలరా? చెప్పలేరు. బట్ట కప్పుకుని కూర్చున్న ఓ పెద్దావిడ. స్టెప్నీలో బాంబులకి భయపడి కూర్చున్న ఆవిడ కావచ్చు, సిల్హెట్‌లో వరదలప్పుడు గట్టు మీద కూర్చున్న ఆవిడ కావచ్చు, దివిసీమలో 1977 ఉప్పెన తరవాత కూర్చున్న మన అమ్మమ్మ కావచ్చు.

మనకి విగ్రహమంటే పేరుండాలి, కింద ఫలకముండాలి, జయంతికీ వర్ధంతికీ దండ పడాలి. తప్పులేదు. కానీ పేరున్న విగ్రహానికి ఓ ఇబ్బందుంది. పేరున్నప్పుడు "మనవాడు", "వాళ్ళవాడు" వస్తారు. 2011 మార్చిలో ట్యాంక్‌బండ్ మీద ఏం జరిగిందో మనం చూశాం. 2020 జూన్‌లో ఇంగ్లండులోనే బ్రిస్టల్ జనం బానిస వ్యాపారి కోల్‌స్టన్ కంచు విగ్రహాన్ని తాళ్ళు కట్టి లాగి నీళ్ళలో పడేశారు. అక్కడెవరిది న్యాయమన్నది ఈ టపా విషయం కాదు. నేననేది, మొహం లేని మామ్మకి ఆ గొడవ లేదు. ఎవరొచ్చి ఆ పేటలో కాపురం పెట్టినా వాళ్ళ మనిషైపోతుంది. మన నెల్లూరు కుర్రాడికి లోపంగా కనిపించిందే ఆవిడకున్న బలం.

"అర్థం కాని బొమ్మ జనానికెందుకు" అన్న మాటకి కూడా ఇదే జవాబు. స్టిఫర్డ్ ఎస్టేట్ పిల్లలకి ఎవరూ అర్థం చెప్పలేదు. వాళ్ళు ఎక్కి కూర్చున్నారు, పేరు పెట్టారు, సరిపోయింది. ఊళ్ళో రావిచెట్టుని మనం అర్థం చేసుకుంటామా? దాని కింద కూర్చుంటాం. నలభై ఏళ్ళ తరవాత ఊరెళ్ళినప్పుడు అది లేకపోతే గుండె కలుక్కుమంటుంది. బయట పెట్టిన శిల్పం పనిచేసేది కూడా ఇలాగే, మెల్లగా, మనకి తెలియకుండా.

తరవాతేమైందంటే, 2015లో ఆ మేయరు ఎన్నికని ఈ బొమ్మతో సంబంధంలేని కారణాల మీద కోర్టు రద్దు చేసింది (2022లో ఆయనే మళ్ళీ గెలిచాడు, అది వేరే కథ). కొత్తగా గెలిచిన జాన్ బిగ్స్ అమ్మకం ఆపేశాడు. 2017 అక్టోబరులో మామ్మ ఇరవై ఏళ్ళ తరవాత టవర్ హామ్లెట్స్‌కి తిరిగొచ్చింది. ఎక్కడికి? కానరీ వార్ఫ్‌లోని కాబట్ స్క్వేర్‌కి.

ఇక్కడే నాకు గొంతులో వెలక్కాయ పడుతుంది. కానరీ వార్ఫ్ కూడా టవర్ హామ్లెట్స్‌లోనే ఉంది, నిజమే. కానీ అది బ్యాంకుల ఊరు. మనలాంటి ఆన్‌సైట్ జనం, సూట్లేసుకున్న ట్రేడర్లు, మెడలో బాడ్జీలు. చూడటానికి పబ్లిక్ వీధుల్లా ఉంటాయి గానీ మొత్తం ప్రైవేటు ఎస్టేటు, సెక్యూరిటీ గార్డులూ కెమెరాలూ వాళ్ళవే. మామ్మ క్షేమంగా ఉంటుందనే అక్కడ పెట్టారు. దొంగల సంగతి పైన చెప్పా కదా, కాబట్టి ఆ నిర్ణయం తెలివితక్కువదని అనను. యార్క్‌షైర్ కంటే, ఎవడో కోటీశ్వరుడి తోట కంటే లక్ష రెట్లు నయం. కానీ నేనక్కడున్నన్ని రోజులూ ఆ బొమ్మ ఎక్కి ఆడుతున్న పిల్లాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు. శాండ్‌విచ్ తింటూ ఫోను చూసుకునేవాళ్ళనే చూశాను. అందులో నేనూ ఒకణ్ణి. నాకు దొరికిన అదృష్టం నిజానికి ఎవరికోసం కొన్నదో నాకు తెలుసు. నాకోసం కాదు.

నా మాటేంటంటే, అమ్మకుండా ఆపటంతో సగం పనే అయింది. కౌన్సిల్ ఇళ్ళుండే చోట, స్కూలు నుంచి ఇంటికి పోయే దారిలో ఓ పచ్చిక చూసి మామ్మని కూర్చోబెట్టినప్పుడు ఆ మిగతా సగం పూర్తవుతుంది. ఇన్సూరెన్సూ, కాపలా ఖర్చంటారా, ఎదురుగానే ఉన్నాయిగా బ్యాంకులు. బొమ్మని తమ దగ్గర పెట్టుకోవటానికి ముందుకొచ్చినవాళ్ళు, బొమ్మ పేటలో ఉండటానికి ఖర్చు పెట్టుకోలేరా?

ఇదంతా చదివి "ఎక్కడో లండన్ గొడవ మనకెందుకులే" అనుకునేవాళ్ళకి ఓ మాట. మనం ఇప్పుడు ఊళ్ళు కడుతున్నవాళ్ళం. గచ్చిబౌలి నుంచి కొల్లూరు దాకా లేచిన టవర్లలో ఉంటున్నది మనమే, ఈఎమ్ఐలు కడుతున్నది మనమే. ఓ గేటెడ్ కమ్యూనిటీ మీటింగులో, గేటు బయట బస్‌స్టాపు దగ్గర ఒక శిల్పమో, కనీసం నీడలో నాలుగు రాతిబెంచీలో పెడదామని ఒకాయన లేచి చెప్తే, వచ్చిన మొదటి ప్రశ్న "గేటు బయటెందుకండీ, మన డబ్బులతో?" అని. చప్పట్లు కూడా పడ్డాయి. ఫౌంటెను గేటు లోపల కట్టుకున్నారు. ఆ బస్‌స్టాపులో నిలబడేది ఎవరు? మన ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళూ, మన సెక్యూరిటీ గార్డులే.

లోపల ఫౌంటెనుండటం నేరం కాదు. కానీ బాంబులు పడిన ఊళ్ళో, అప్పుల్లో ఉన్న కౌన్సిల్ ఒకటి గేటు బయట ఆలోచించగలిగింది. దాని ముందు మన ప్రశ్న కాస్త చిన్నదిగా లేదూ?

మా లంచ్ టేబుల్ ఓటింగు విషయానికొస్తే, ఇదంతా చెప్పాక ఐదులో ఇద్దరు ఇటు దూకారు. మిగతా ముగ్గురూ ఇంకా "అమ్మెయ్యాలి" అనే అంటున్నారు. టాక్సాయన మాత్రం "కానరీ వార్ఫ్‌లో పెట్టినందుకు కౌన్సిల్‌కి అద్దె వచ్చిందా?" అని అడుగుతున్నాడు. మీ ఓటెటో మీరే తేల్చుకోండి. ఒక్కటి మాత్రం, "పేదోళ్ళకి ఇదెందుకు" అన్న కారణంతో మాత్రం వెయ్యకండి.